మార్చాల్సింది ల్యాప్‌టాప్ కాదు

నెల్లూరు తీరంలో కావలి నుంచి ముత్తుకూరు దాకా, కంప్యూటర్ సైన్సు సీటు వచ్చిన ఏ ఇంటికి వెళ్లినా ఒకే మాట వినిపిస్తోంది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనట. ఐ7 ఉండాలట, 16 జీబీ ర్యామ్ ఉండాలట, గ్రాఫిక్స్ కార్డు ఉండాలట, కుదిరితే మ్యాక్ అయితే ఇంకా మంచిదట. ఇంట్లో అన్న వాడిన పాతది ఉన్నా అది విండోస్ 11 తీసుకోదు కాబట్టి పనికిరాదట. లినక్స్ అనేది బాగా ముదిరిన నిపుణుల వ్యవహారమట, ఉద్యోగాలన్నీ విండోస్ మీదేనట. కాలేజీ వాట్సాప్ గ్రూపులో సీనియర్లు ఇదే చెబుతారు, ట్రంకురోడ్డు షాపులో ఇదే చెబుతారు, బెంగుళూరులో ఉద్యోగం చేసే పెదనాన్న కొడుకూ ఇదే చెబుతాడు. ఇంతమంది చెప్పాక ఆ తండ్రికి ఎదురు ప్రశ్న ఎక్కడ తోస్తుంది?

ఈ మాట తప్పు. ఒకటి రెండు ముక్కలు తప్ప మిగతా అంతా తప్పు. మన పిల్లలకు మార్చి ఇవ్వాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌ను: విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టాలి. ఇంట్లో ఉన్న యంత్రం చాలా సందర్భాల్లో చదువుకు సరిపోతుంది. సరిపోయే యంత్రాన్ని పక్కన పడేసి, అప్పు చేసి కొత్తది కొని, దానిలోనూ పాత అలవాట్లే నేర్పుతున్నాం. డబ్బూ పోతోంది, చదువూ రావడం లేదు.

ఈ వాదం ఇప్పుడెందుకంటే, 2025 మన తీరానికి రెండు దెబ్బలు వెంటవెంటనే వేసింది. ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం అమల్లోకి తెచ్చింది. వనామీ రొయ్య ఎక్కువగా పోయే మార్కెట్ అదే. ఇందుకూరుపేటలో, విడవలూరులో గుంటలు వేసినవాళ్లకు ఆ కబురు ఎంత భయం పెట్టిందో చెప్పక్కర్లేదు. అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు ఆపేసింది. కావాలంటే ఇంకో ఏడాది పొడిగించుకునే దారి ఇచ్చింది గానీ, ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పరు. చేతిలో డబ్బు ఆడని రోజుల్లోనే ‘మీ ల్యాప్‌టాప్ కాలం తీరింది’ అనే మాట ఇంటింటికీ వచ్చింది. ‘పాతదాంతో యాడ కుదురుతుంది సార్, కొత్తది తీసియ్యాల్సిందే అంటున్నారు గదా’ అని నన్ను అడిగిన తండ్రుల గొంతులో ప్రశ్న లేదు. ఒప్పేసుకున్న నిస్సహాయత ఉంది. నా కోపం ఆ నిస్సహాయతను కల్పించినవాళ్ల మీద.

ముందు ‘కాలం తీరింది’ అనే మాటను తేల్చుకుందాం. విండోస్ 11 ఎక్కాలంటే ఆ యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే 8వ తరానికి ముందువి దాదాపు అన్నీ ఆ జాబితా బయటే. ఆ 8వ తరం వచ్చింది 2017లో. అంటే 2016లోనో 2017లోనో కొన్న ల్యాప్‌టాప్ నిన్నటిదాకా శుభ్రంగా పనిచేసినా కొత్త విండోస్ దాన్ని రానివ్వదు. ఇందులో యంత్రం చెడిపోయింది ఎక్కడ? ప్రాసెసర్ అదే, తెర అదే, కీబోర్డు అదే. ఒక కంపెనీ తన కొత్త సరుకుకు పెట్టుకున్న నిబంధన అది. ఆ నిబంధన పెట్టే హక్కు కంపెనీకి ఉంది. దాన్ని మన యంత్రానికి మరణ ధ్రువీకరణగా తీసుకోవాల్సిన అవసరం మనకు లేదు. జువ్వలదిన్నెలో బోటు గట్టిగా ఉండి ఇంజను మొరాయిస్తే ఇంజను మారుస్తారు గానీ బోటును ఒడ్డున పడేసి పోరు. ఇక్కడ చేయాల్సిందీ అదే.

ఇక పని సంగతి. బీటెక్ మొదటి రెండేళ్లలో విద్యార్థి చేసే పని ఏమిటో ఒకసారి రాసి చూడండి. ఒక ఎడిటర్‌లో కోడు టైపు చేయాలి. సి కంపైలర్ నడవాలి. పైథాన్ నడవాలి, జావా నడవాలి. చిన్న డేటాబేస్ ఒకటి ఉండాలి. చదువుకోవడానికి, ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూడటానికి బ్రౌజర్ ఉండాలి. వీటిలో బ్రౌజర్ తప్ప ఏదీ బరువైనది కాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ ఉన్న లినక్స్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక జీబీ లోపు ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది. 8 జీబీ ఉంటే ఇబ్బందే లేదు. 4 జీబీ ఉంటే బ్రౌజర్‌లో తెరిచిన ట్యాబులు తగ్గించుకోవాలి, అంతే. పాత ల్యాప్‌టాప్ నత్తలా నడవడానికి చాలాసార్లు కారణం అందులోని తిరిగే హార్డ్ డిస్కు. దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ యంత్రం తెరుచుకునే తీరే మారిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్ ఖరీదులో చిన్న వంతుతో తీరే పని అది.

సముద్రపు గాలి సంగతి నాకు తెలియక కాదు. మైపాడు దగ్గర ఇంట్లో నాలుగేళ్లు వాడిన ల్యాప్‌టాప్ వెనుక మూత విప్పితే ఏముంటుందో చూశాను. ఫ్యాను రెక్కల మీద దుమ్మూ తేమా కలిసి బురదలా గడ్డకట్టి ఉంటుంది. హీట్‌సింకు సందులు మూసుకుపోయి ఉంటాయి. యూఎస్‌బీ గుంటల్లో లోహం మీద పచ్చటి పూత పేరుకుని ఉంటుంది. వేడి బయటికి పోయే దారి లేక ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చూసి ‘పాతబడింది, స్లో అయింది’ అంటారు. ఫ్యాను శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాస్తే అదే యంత్రం మళ్లీ నిలబడుతుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా వాడకూడదు, అది ప్రమాదం, వెంటనే మార్చాలి. మదర్‌బోర్డే తుప్పుపట్టి పోయినవి కూడా ఉంటాయి. వాటికి బదులు వేరేది కొనక తప్పదు. తీర్పు చెప్పే ముందు మూత విప్పి చూడమంటున్నాను. ఉప్పుగాలి మన కొత్త ల్యాప్‌టాప్‌ను మాత్రం వదులుతుందా?

రెండో మాట: ‘ఉద్యోగాలు విండోస్ మీద, లినక్స్ నేర్చుకుంటే కూడు పెట్టదు.’ మన పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అబద్ధం ఇదే. ప్రపంచంలోని 500 అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ లినక్స్ మీదే నడుస్తోంది. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ మూల భాగమైన కెర్నలే. రాసిన ప్రోగ్రామును చివరికి నడిపించే సర్వర్లలో చాలా భాగం లినక్సే. ఇదంతా పోనివ్వండి. హైదరాబాదులో పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన 2014లోనే, తమ కంపెనీకి లినక్స్ అంటే ప్రేమ అని వేదిక మీద తెర వేసి మరీ చూపించారు. 2016లో విండోస్ లోపలే లినక్స్ కమాండ్లు నడిపే ఏర్పాటు తెచ్చారు, ఆ తర్వాత అసలు లినక్స్ కెర్నల్‌నే విండోస్‌తో కలిపి ఇచ్చారు. విండోస్ తయారు చేసేవాళ్లకే ప్రోగ్రామర్ల కోసం లినక్స్‌ను లోపలికి తెచ్చుకోక తప్పలేదు. మనం మాత్రం మన పిల్లలకు అది అక్కర్లేదని చెబుతున్నాం.

తెలియకపోతే ఏమవుతుందో ఒక చిన్న ఉదాహరణ. ఒక అమ్మాయి విండోస్‌లో వెబ్‌సైటు ప్రాజెక్టు చేసింది. బొమ్మ ఫైలు పేరు పెద్ద అక్షరంతో మొదలవుతుంది, కోడులో ఆ పేరును చిన్న అక్షరంతో రాసింది. విండోస్‌కు మామూలుగా ఆ తేడా పట్టదు, బొమ్మ కనబడింది. అదే ప్రాజెక్టును సర్వర్ మీదికి ఎక్కించగానే బొమ్మ మాయం. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. ‘మా ఇంట్లో పనిచేసింది సార్’ అంటుంది, నిజమే చెబుతుంది. ఆ తర్వాత ఫైలుకు అనుమతి లేదంటుంది సర్వర్. అనుమతులంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్లు లినక్స్ మీద పనిచేసినవాళ్లకు ఇవి ప్రశ్నలే కావు, మొదటి నెలలోనే తగిలి తీరిపోతాయి. మన పిల్లలకు ఉద్యోగంలో చేరాక తగులుతున్నాయి. వెంటనే ‘పల్లెటూరి కాలేజీ సరుకు’ అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర వేసినవాళ్లను తిట్టడం తేలిక. అది పడకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

మూడో మాట: ‘కాలేజీ ల్యాబులో ఏది ఉంటే అదే ఇంట్లోనూ ఉండాలి.’ ల్యాబులో ఉన్నది ఏమిటో చూద్దాం. నేను చూసిన ల్యాబుల్లో ఇప్పటికీ సి పాఠానికి ఆ నీలం తెరే తెరుస్తున్నారు. టర్బో సి++ 3.0. అది 1990ల మొదట్లో, డాస్ రోజుల్లో వచ్చిన సరుకు. సి++కు మొదటి అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది 1998లో, అంటే ఈ కంపైలర్ వయసులో దాని కంటే పెద్దది. ఇప్పటి 64 బిట్ల విండోస్ మీద అది నేరుగా నడవదు కూడా. డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాము పెట్టి, పాత కంప్యూటర్‌ను నటింపజేసి, అందులో దీన్ని నడుపుతున్నారు.

ఆ నీలం తెర మీద రెండు ఇంట్ చరరాశులు తీసుకుని, రెంటిలోనూ 200 పెట్టి, గుణించి అచ్చువేయమనండి. జవాబు 40000 రావాలి కదా. మైనస్ 25536 వస్తుంది. అందులో ఇంట్ 16 బిట్లే, 32767 దాటితే పట్టదు. లెక్క చుట్టు తిరిగి రుణ సంఖ్య అయిపోతుంది. లినక్స్‌లో ఉచితంగా దొరికే జీసీసీ కంపైలర్ మీద అదే ప్రోగ్రాము 40000 చూపిస్తుంది. మన పిల్లలు రికార్డు పుస్తకాల్లో రాసే కోనియో హెడర్, తెర తుడిచే క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌సీహెచ్, ఇవేవీ సి భాషలో లేవు. డాస్ రోజుల కంపైలర్లు సొంతంగా కలుపుకున్నవి. లినక్స్‌లో జీసీసీకి ఇస్తే ఆ హెడర్ దొరకలేదని ఆ వరుస దగ్గరే ఆగిపోతుంది. లక్ష పెట్టి కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఈ 1990ల నీలం తెరను ఎక్కించి ఇస్తున్నాం. ఆ పిల్లవాడు ప్రోగ్రామింగ్ రావడం లేదని తనను తాను తిట్టుకుంటున్నాడు. తప్పు అతనిది కాదు, అతని ముందు మనం పెట్టిన పనిముట్టుది.

నాలుగో మాట మ్యాక్. మ్యాక్ మంచి యంత్రం. దాని టెర్మినల్ యూనిక్స్ సంప్రదాయంలోదే కాబట్టి అక్కడ నేర్చినది సర్వర్ల మీద చాలావరకు పనికొస్తుంది. ఐఫోన్ యాప్ తయారు చేసి అమ్మాలంటే యాపిల్ వారి ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీదే నడుస్తుంది. ఆ పని చేసేవాళ్లు తప్పక కొనాలి. మొదటి ఏడాది విద్యార్థికి ఆ పని లేదు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 99,900 రూపాయల దగ్గర మొదలైంది. దానిలో మెమరీ ప్రాసెసర్‌తో పాటే అతికి ఉంటుంది, చాలలేదని తర్వాత పెంచుకునే దారి లేదు. కొన్న రోజు ఎంత ఉందో చివరి రోజూ అంతే. రెండేళ్లు పాతదాని మీద పని నేర్చుకుని, ఏ రంగంలో ఉంటాడో తెలిశాక, సొంత జీతంతోనో స్టైపెండుతోనో ఆ పనికి తగ్గది కొనుక్కునేవాడు ఎప్పుడూ నష్టపోడు. పని ఏదో తెలియకముందే కొనే యంత్రం అంచనా మీద పెట్టిన అప్పు.

‘ఇదంతా చెప్పడానికి బాగుంటుంది, ఎక్కడైనా జరిగిందా?’ అని అడుగుతారు. జరిగింది, మన పక్కనే జరిగింది. కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది. కొన్నేళ్లకే ప్రభుత్వ బడుల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చారు. ఆ పథకమే 2017లో కైట్ అనే సంస్థ అయింది, తమ బడుల కోసం సొంతంగా లినక్స్ కూర్పును తయారు చేసి ఇస్తోంది. అక్కడ జాలరి బిడ్డ ఎనిమిదో తరగతిలో వాడుతున్న దాన్ని ఇక్కడ మనం ఇంజనీరింగ్ విద్యార్థికి కష్టమంటున్నాం. అదేమీ మలయాళీలకే అబ్బిన విద్య కాదు. స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మెనూలు తెలుగులో, ఫోల్డర్ల పేర్లు తెలుగులో. దాని వెనుక పనిచేసినవాళ్లలో ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులూ ఉన్నారు. లినక్స్ కాబట్టి సాధ్యమైంది. కోడు తెరిచి ఉంటుంది కనుక మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఇరవై ఏళ్ల కిందట తెలుగు పిల్లలు చేసి చూపించిన పనిని ఇవాళ్టి తెలుగు పిల్లలు వాడటానికి కూడా సరిపోరంటే నేను ఒప్పుకోను.

ఎదుటివాళ్ల వాదనలో నిజమున్న చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాటవేయను. డీటీపీ చేసేవాళ్ల అను ఫాంట్లు, అకౌంట్లవాళ్ల ట్యాలీ, సివిల్, మెకానికల్ వాళ్ల ఆటోక్యాడ్, ఇవి ప్రధానంగా విండోస్ కోసం చేసినవి. ఆ పని ఉన్న ఇంట్లో విండోస్ ఉండాలి. కొన్ని ప్లేస్‌మెంట్ పరీక్షల్లో మనమీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనో మ్యాక్‌లోనో తప్ప నడవదు. ఆ రోజుకు స్నేహితుడిదో కాలేజీదో వాడుకోవచ్చు, లేదా ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ పెట్టుకోవచ్చు. కొన్ని మోడళ్లలో వైఫై చిప్పు లినక్స్‌తో సరిగా కలవదు. డీప్ లెర్నింగ్ మోడళ్లు ఇంట్లోనే తర్ఫీదు చేసేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు కావాలి. వీటిలో ప్రతి ఒక్కటీ ఫలానా పనికి ఫలానా అవసరం. ఒక అవసరాన్ని చూపించి అందరి నెత్తినా లక్ష రూపాయల ఖర్చు రుద్దడాన్నే నేను కాదంటున్నాను.

మారే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే తొందరపడి చెడగొట్టుకున్నవాళ్లే తర్వాత లినక్స్‌ను తిడుతున్నారు. మొదట ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటునో, లినక్స్ మింట్‌నో, డెబియన్‌నో ఎక్కించి దాని నుంచే ల్యాప్‌టాప్‌ను తెరవాలి. అలా తెరిచి చూసినంతసేపూ లోపలి డిస్కును ముట్టుకోదు. వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా, ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపు అవుతోందా, ఇవి ఒక్కొక్కటీ చూసుకోవాలి. బాగుందనిపించాక ఫోటోలు, మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు అన్నీ వేరే డిస్కులోకి తీయాలి. విండోస్‌లో బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా ఏమీ కదపకూడదు. మిడ్ పరీక్షల వారంలో ఈ పని పెట్టుకోకూడదు, తుపాను హెచ్చరిక ఉండి కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజున అసలే పెట్టుకోకూడదు. డిస్కు విభజిస్తుండగా బ్యాటరీ అయిపోతే ఉన్నది పోవచ్చు. మొదటి రెండు వారాలు చేయి తడబడుతుంది. ఏ కమాండు ఎక్కడ కొట్టాలో వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే చదువు.

ఆ చదువు పాత యంత్రం మీద ఎక్కడిదాకా పోతుందో మన తీరం సరుకుతోనే చూపిస్తాను. వనామీ వేసిన రైతు దగ్గర మేత పుస్తకం ఉంటుంది. ఏ గుంటకు ఏ పూట ఎన్ని కిలోల మేత వేశాడు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, విసురు వల వేసి చూస్తే కౌంటు ఎంత వచ్చింది. 100 కౌంటు అంటే కిలోకు 100 రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. మూడు గుంటలు, రోజుకు నాలుగు పూటలు, 120 రోజుల పంట అనుకుంటే 1,440 వరుసల లెక్క. దాన్ని ఒక ఫైలులో పెట్టి, పైథాన్‌లో యాభై వరుసల ప్రోగ్రాము రాస్తే ఏ గుంటలో మేత వృథా అవుతోందో, ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టే మేత లెక్క, ఏ వారం నుంచి చెడిందో బయటపడుతుంది. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఈ లెక్కను కనురెప్పపాటులో తేల్చేస్తుంది. ఒక కిలో రొయ్యకు మేత 1.6 కిలోలు పడుతోందా, 1.3 చాలుతోందా అన్నదాని మీద ఆ పంట లాభమో నష్టమో తేలుతుంది. మొదటి ఏడాది పూర్తిచేసిన రైతు కూతురు ఇది చేయగలదు. ఐ7 గురించి ఆమెకు చెప్పే సీనియర్లలో ఎంతమంది ఇలాంటి పని ఒకటి చేసి చూపించారు?

ఇంజనీరింగ్ కాలేజీల యాజమాన్యాలకు నేను చెప్పేది ఒక్కటే. చేరిన రోజున పిల్లల చేతిలో ల్యాప్‌టాప్ కాన్ఫిగరేషన్ల చీటీ పెట్టడం మానండి. దాని బదులు ల్యాబుల్లో నీలం తెర తీసేసి జీసీసీ పెట్టండి. మొదటి సెమిస్టర్‌లో ఒక శనివారం కేటాయించి, పాత ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోమని చెప్పి, సీనియర్ల చేత లినక్స్ ఎక్కించే శిబిరం పెట్టండి. దానికి లైసెన్సు ఖర్చు రూపాయి లేదు. పరీక్షలో కోనియో హెడర్ రాయలేదని మార్కులు కోసే పద్ధతికి స్వస్తి చెప్పండి.

తల్లిదండ్రులారా, వాయిదాల కాగితం మీద సంతకం పెట్టే ముందు మీ బిడ్డను ఒక ప్రశ్న అడగండి: ‘ఈ పాతదాని మీద నువ్వు చేయలేకపోయిన పని ఏది?’ జవాబులో ఫలానా పని పేరు వస్తే, దాన్ని ఇంకొకరితో తేల్చుకుని, తగ్గ యంత్రం కొనివ్వండి, నేనూ కొనమనే అంటాను. ‘అందరూ కొంటున్నారు’ అనేదే జవాబైతే ఆ డబ్బు దాచండి. వచ్చే పంటకు మేతకైనా, ఆ బిడ్డ ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు బెంగుళూరులో గది అద్దెకైనా పనికొస్తుంది. ఒక పెన్‌డ్రైవ్, ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు వారాల ఓపిక. ప్రోగ్రామర్ కావడానికి నెల్లూరు తీరంలో ఇప్పుడు అసలు కావలసిన పెట్టుబడి ఇంతే. ఇంతకు మించి అడిగేవాళ్లు ఎందుకు అడుగుతున్నారో వాళ్ల చేతే చెప్పించండి.